రెండో టికెట్: ఏరో ఇండియా నిర్వాహకులకు బహిరంగ లేఖ

రక్షణ ఉత్పత్తుల విభాగం అధికారులకు, యలహంక వాయుసేన కేంద్రం సిబ్బందికి, ఏరో ఇండియా కోసం కష్టపడే అందరికీ,

హిందూపురం నుంచి రాస్తున్నాను. ఇక్కడ రైలెక్కితే గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం దాటాక బెంగళూరు శివారులోని యలహంక జంక్షన్ వస్తుంది. మీరు ఎయిర్‌షో పెట్టిన ప్రతిసారీ అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వైపు నుంచి 44వ జాతీయ రహదారి మీద కుటుంబాలకు కుటుంబాలు బయల్దేరి వస్తాయి. ఆ రోడ్డు మీ వాయుసేన కేంద్రం పక్క నుంచే పోతుంది. మీ సంస్థల్లో తెలుగువాళ్లకూ కొదవ లేదు. తేజస్ యుద్ధవిమానం రూపకల్పనకు సారథ్యం వహించిన కోట హరినారాయణ గారు తెలుగు కుటుంబంలో పుట్టినవారే. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తే మీకు చేరదేమోనన్న భయం నాకు లేదు.

2025 ఫిబ్రవరిలో జరిగింది 15వ ఏరో ఇండియా. రెండేళ్లకోసారి జరిగేది కాబట్టి తర్వాతిది 2027లో. దానికి మా ఆయనను వెంటబెట్టుకుని రావాలని ఇప్పట్నుంచే అనుకుంటున్నాను. ఆయనకు ఇదే మొదటి ఎయిర్‌షో. ఆ ప్రయాణం గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చిన ప్రశ్నలే ఈ ఉత్తరం రాయించాయి. అందులో చాలావాటికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంది.

నేను పెరిగింది దుండిగల్ పక్కన. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు పొద్దున లేస్తే మా మిద్దె మీదుగా తిరిగేవి. మా అమ్మ ఎండలో వడియాలు పెట్టి కాకుల్ని తోలమని నన్ను కూర్చోబెట్టేది. నేను ఆకాశంలోకి చూస్తూ కూర్చునేదాన్ని, కాకులు తమ పని తాము చేసుకుపోయేవి. ఇంజన్ మోత విని అది ఏ విమానమో చెప్పడం నాకు చదువు కంటే ముందే వచ్చింది. కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్లతో కలిసి యలహంక వచ్చి వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్‌ను చూశాక ఆ ఇష్టం ఇంకా బలపడింది.

మా ఆయనకు ఆకాశంతో పనిలేదు. తూముకుంట పారిశ్రామికవాడలో లేత్ షాపు నడుపుతారు. ఒక బోల్టు చేతికిస్తే మరలు వేలితో తడిమి అది ఏ రకం మిషను మీద తీసిందో చెబుతారు. విమానం ఎగిరితే ఆయన తలెత్తరు. అది కిందికి దిగాక దాని చక్రం దగ్గర కూర్చుని రివెట్లు లెక్కపెడతారు. ఇలాంటి ఇద్దరం ఒక్క రోజు, ఒక్క మైదానంలో, ఇద్దరికీ తృప్తిగా గడవాలి.

మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విమానాల పిచ్చి ఉన్నవాళ్ల గురించి మీరు బెంగపడనక్కర్లేదు. ఎండైనా, ట్రాఫిక్ అయినా, నీళ్లు దొరక్కపోయినా వాళ్లు వస్తారు. మీరు ఆలోచించాల్సింది వాళ్ల పక్కన వచ్చే రెండో మనిషి గురించి. భార్య కోసం వచ్చే భర్త, భర్త కోసం వచ్చే భార్య, మనవడి చేయి పట్టుకుని వచ్చే అవ్వ. మరోసారి రావాలా వద్దా అన్నది ఇంట్లో తేల్చేది వాళ్లే. ఆ రెండో టికెట్ మనిషికి రోజు సాఫీగా గడిచేలా చూస్తే మొదటి టికెట్ దానంతటదే తెగుతుంది.

ముందు టికెట్ సంగతే చూద్దాం. 2025లో మీరు మూడు రకాలు పెట్టారు. వెయ్యి రూపాయలది విన్యాసాలు చూసే మైదానం వరకు. 2500 రూపాయలది సామాన్య సందర్శకులకు: ప్రదర్శనశాలలు, స్టాళ్లు, నేల మీద నిలిపిన విమానాలు, వాటితో పాటు విన్యాసాలు కూడా. 5000 రూపాయలది వ్యాపార రంగం వాళ్లకు. నా ఒక్కదానికైతే వెయ్యి రూపాయల టికెట్ చాలు. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని సాయంత్రం దాకా ఆకాశం చూస్తూ ఉండగలను. అదే టికెట్ మా ఆయనకు కొంటే మధ్యాహ్నానికి ఆయన చూపు గడియారం మీదికి పోతుంది.

ఆయనను కట్టిపడేసేవి స్టాళ్లు. తేజస్ మార్క్-1ఎ విమానం మధ్యభాగాన్ని హైదరాబాద్‌లో వెమ్ టెక్నాలజీస్ తయారు చేసి 2025 మే నెలలో హెచ్‌ఏఎల్‌కు మొదటిది అప్పగించింది. ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల మొండేలు తయారవుతున్నాయి. ఇవి చెప్పినప్పుడు ఆయన అన్నం తినడం ఆపి, "మధ్యభాగాన్ని ముందు భాగంతో ఎట్లా కలుపుతారు? రంధ్రాలు రెండూ సరిగ్గా ఎదురెదురు పడాలి కదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఇంజనీరు మీ మైదానంలో ఎక్కడో ఒక స్టాల్లో నిలబడి ఉంటారు. 2500 రూపాయలు పెట్టేది ఆ ఇంజనీరు కోసమే.

కానీ మొదటిసారి వచ్చేవాళ్లకు ఈ తేడా ఎవరు చెప్పాలి? టికెట్ల పేర్లు చూస్తే ధర అర్థమవుతుంది గానీ రోజు ఎలా గడుస్తుందో తెలియదు. టికెట్ కొనే చోటే నాలుగు మాటలు రాయండి: ఈ టికెట్‌తో విమానం దగ్గరికి వెళ్లొచ్చా, కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా, పిల్లల్ని తీసుకురావచ్చా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మధ్యలో మారొచ్చా. కన్నడంలో, తెలుగులో, తమిళంలో కూడా రాయండి. వచ్చే జనంలో ఈ మూడు భాషల వాళ్లు చాలామంది ఉంటారు.

ఇక రోజుల విషయం. ఇది కాస్త గట్టిగానే అడుగుతున్నాను. 2023లో ఫిబ్రవరి 13 నుంచి 17, 2025లో ఫిబ్రవరి 10 నుంచి 14. రెండుసార్లూ సోమవారం మొదలై శుక్రవారం ముగిసింది. సామాన్య సందర్శకులకు ప్రదర్శనశాలలు తెరిచింది చివరి రెండు రోజులు, అంటే గురు, శుక్రవారాలు. ఇద్దరూ పనిచేసుకునే ఇంట్లో ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకాలి. నాకు బడిలో అది పరీక్షల ముందు కాలం. ఆయన షాపు మూస్తే ఆ రోజు కూలీల డబ్బు చేతి నుంచి పడుతుంది. 2019లో బుధవారం మొదలుపెట్టి ఆదివారం దాకా నడిపారు. అంటే కుదరని పనేమీ కాదు. వ్యాపార ఒప్పందాలకు పనిదినాలు కావాలన్నది నిజమే, వాటిని అలాగే ఉంచి చివర ఒక్క ఆదివారం మాకు ఇవ్వండి. బెంగళూరు అంతర్జాతీయ విమానాశ్రయంలో విన్యాసాల వేళల్లో రాకపోకలు ఆపాల్సి వస్తుందని, ఆదివారం అది ఇబ్బందేనని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే సెలవు దొరకని జంటల్లో రెండో మనిషే ఇంట్లో ఉండిపోతారు.

మా ఆయన వేసిన మొదటి ప్రశ్న మాత్రం టికెట్ గురించో సెలవు గురించో కాదు.

"అది మన మీద పడితే ఏం గతి?"

ఈ ప్రశ్నను నవ్వి తీసేయలేకపోయాను. 2010 మార్చి 3న బేగంపేటలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదలైన రోజే నౌకాదళం వారి సాగర్ పవన్ బృందంలోని కిరణ్ విమానం బోయిన్‌పల్లి ఇళ్ల మధ్య కూలింది. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. మా నాన్న ఆ సాయంత్రమంతా టీవీ ముందు నుంచి లేవలేదు. 2019 ఫిబ్రవరి 19న, ఏరో ఇండియా మొదలయ్యే ముందు రోజు, మీ యలహంకలోనే సాధన చేస్తూ రెండు సూర్యకిరణ్ హాక్ విమానాలు ఢీకొన్నాయి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణాలు పోయాయి. 2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్‌షోలో మన తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించారు. ఆ వీడియో మా ఆయన ఫోన్లోకి కూడా వచ్చింది. ఆయన అడిగింది దాన్ని చూశాకే.

నేను ఆయనకు రామ్‌స్టైన్ కథ చెప్పాను. 1988 ఆగస్టు 28న జర్మనీలోని ఆ వైమానిక స్థావరంలో ఇటలీ బృందం విమానాలు మూడు గాలిలో ఢీకొన్నాయి. జనం వైపు ఎదురుగా వస్తున్న విమానం కూలి మంటలతో ప్రేక్షకుల్లోకి దూసుకొచ్చింది. 70 మంది చనిపోయారు. ఆ తర్వాత యూరప్‌లో విన్యాసాల నిబంధనలు చాలా బిగించారు. విమానం జనానికి అడ్డంగా ఒక గీత వెంట ఎగరాలి గానీ జనం మీదుగా ఎగరకూడదు, దూకుడు విన్యాసాలు జనం వైపు ముక్కు పెట్టి చేయకూడదు, గీతకూ జనానికీ మధ్య ఇంత దూరం ఉండాలి అన్న ఆలోచన బలపడింది. దుబాయ్‌లో తేజస్ కూలినప్పుడు చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. పైలట్‌ను పోగొట్టుకున్న దుఃఖం తగ్గేది కాదు, కానీ ఆ దూరం ఎందుకు పెడతారో ఆయనకు అర్థమైంది. "అయితే కంచె దగ్గరికి తోసుకుపోవడం దేనికి, వెనకే నిలబడదాం" అన్నారు. సరేనన్నాను.

ఇదంతా చెప్పాల్సింది నేను కాదు, మీరు. మొదటి విమానం లేచే ముందు మైకులో ఒక్క ఐదు నిమిషాలు కేటాయించండి. విమానాలు ఏ గీత దాటి ఇటు రావు, గాలి, మబ్బు ఎలా ఉంటే విన్యాసాలు తగ్గిస్తారు, ఆపేయమని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, ఏదైనా జరిగితే జనం ఏ గేటు వైపు నడవాలి. భయపడే మనిషిని "ఏం కాదులే" అని ఊరుకోబెట్టడం కంటే ఎంత జాగ్రత్త తీసుకుంటున్నారో చెప్పడం మర్యాద. తెలిసిన భయంతో మనుషులు నిమ్మళంగా కూర్చోగలరు.

గద్దల సంగతి కూడా మైకులో చెప్పొచ్చు. 2025లో ఎయిర్‌షోకు కొన్ని వారాల ముందు నుంచే వాయుసేన కేంద్రం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం దుకాణాలు, మాంసాహార హోటళ్లు మూసేయమని బెంగళూరు నగరపాలక సంస్థ ఆదేశించింది. మాంసం వ్యర్థాలకు గద్దలు చేరతాయి, గద్ద ఇంజన్లో పడితే విమానానికే ముప్పు. కారణం తెలిస్తే యలహంకలో బిరియానీ దొరకలేదని ఎవరూ విసుక్కోరు. మేమైతే చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుని వస్తాం. ఇంటి తిండి లోపలికి రానిస్తారా, స్టీలు డబ్బా రానిస్తారా, నీళ్ల సీసా రానిస్తారా అన్నది గేటు దగ్గర కాకుండా ఇంట్లో ఉన్నప్పుడే తెలియాలి.

నీళ్ల దగ్గర కాస్త ఆగుతాను. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనా బీచ్‌లో వాయుసేన ప్రదర్శనకు లక్షల్లో జనం వచ్చారు. పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 1 దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆ రోజు ఐదుగురు చనిపోయారు. ఆకాశంలో ఏ పొరపాటూ జరగలేదు. ఎండ, దాహం, ఇవే మనుషుల్ని తీసుకుపోయాయి. ఎయిర్‌షో అనగానే అందరి కళ్లూ పైకి పోతాయి, ప్రమాదం మాత్రం చాలాసార్లు కాళ్ల దగ్గర ఉంటుంది.

బెంగళూరు చల్లటి ఊరని నమ్మి చాలామంది టోపీ కూడా లేకుండా వస్తారు. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఫిబ్రవరిలో గాలి హాయిగా వీస్తుంది కాబట్టి ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు, ఇంటికెళ్లాక మెడ వెనక చేయి పెడితే తెలుస్తుంది. ఆ నెలలో సూర్యుడు నడినెత్తికి దక్షిణంగా నడుస్తాడు. మీ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. అంటే దాన్ని చూసే మనిషి ఉత్తరానికో దక్షిణానికో తిరిగి నిలబడాలి. ఉత్తరానికి తిరిగితే ఎండ వీపు మీద, దక్షిణానికి తిరిగితే రోజంతా కళ్లలో. ఏ టికెట్ వాళ్లు ఎటు తిరిగి కూర్చుంటారో ఒక చిన్న బొమ్మ గీసి, దాని మీద దిక్కులు గుర్తుపెట్టి ఇవ్వండి. ఎండ ఎటు ఉంటుందో తెలిస్తే ఏ గొడుగు, ఏ అద్దాలు తెచ్చుకోవాలో మేమే చూసుకుంటాం. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు అడ్డం అంటారా, అయితే నీడకు షామియానాలు వేయండి. అందరికీ వేయలేకపోతే కనీసం పెద్దవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు వేయండి. తాగునీటి కుళాయిలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ బొమ్మలోనే చూపించండి.

మరుగుదొడ్ల గురించి ఆడవాళ్లు బహిరంగంగా రాయరు, అందుకే నేను రాస్తున్నాను. ఇలాంటి చోట్లకు వచ్చే ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దొడ్డి ఎంత దూరమో, ఎంత వరుస ఉంటుందో, లోపల నీళ్లు ఉంటాయో లేదో తెలియక. ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోరా? ఆడవాళ్లకు మగవాళ్ల కంటే ఎక్కువ మరుగుదొడ్లు కట్టండి, సమానంగా కాదు. శుభ్రం చేసే మనుషులను ప్రదర్శన నడిచే వేళలోనే అక్కడ ఉంచండి, వాళ్లకు సరైన కూలీ ఇవ్వండి. పదిమంది ఆడవాళ్లను ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉంచగలిగితే పది కుటుంబాలు మళ్లీ వస్తాయి.

ఇంత రాశాక సంతోషం కలిగించేది కూడా రాయాలి. మా ఆయనకు ఆకాశం చూడటం నేర్పాలని నా ఆశ.

యుద్ధవిమానాన్ని మొదటిసారి చూసేవాళ్లు చెవిని నమ్ముతారు. మోత ఎటు నుంచి వస్తే అటు తల తిప్పుతారు. అక్కడ ఏమీ ఉండదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. కిలోమీటరు దూరంలో పోయే విమానం మోత మన దగ్గరికి చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ మూడు సెకన్లలో అది 750 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి మోత కంటే ముందు చూడాలి. ఇది ఆయనకు ఇంటి దగ్గరే, మేడపైన నిలబెట్టి నేర్పుతున్నాను, దేవనహళ్లి విమానాశ్రయం నుంచి లేచి ఉత్తరానికి పోయే ప్రయాణికుల విమానాలు మా మీదుగా పోతున్నప్పుడు. ఇప్పుడు మోత వినగానే వేలు పెట్టి ముందుకు జరిపి చూస్తున్నారు. చూపు దొరికితే ఆయన ముఖంలో వచ్చే మార్పు నాకు కనిపిస్తోంది.

సుఖోయ్-30 రెండు ఇంజన్ల నాజిళ్లు వంగుతాయని, అందుకే అది గాలిలో దాదాపు నిలబడి ముక్కు తిప్పగలదని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. "అంత వేడిలో వంగే కీలు ఏ లోహంతో చేస్తారు?" అన్నారు. నేల మీద పనిచేసే మనిషి ఆకాశంలోకి చూడటం అలాగే మొదలవుతుంది కాబోలు. తొమ్మిది సూర్యకిరణ్ విమానాలు రెక్కకూ రెక్కకూ మధ్య ఐదు మీటర్ల లోపు దూరం ఉంచి తిరుగుతాయని చెబితే మాత్రం ఇంకేం అడగలేదు. లేత్ మీద పనిచేసేవాళ్లకు దూరాన్ని అలా పట్టి ఉంచడమంటే ఏమిటో తెలుసు. ఆ బృందం 1996లో కిరణ్ విమానాలతో మొదలైందని, 2011లో ఆగిపోయిందని, ఆ తర్వాత హాక్ విమానాలతో మళ్లీ లేచిందని, వాళ్ల స్థావరం బీదర్ అని చెప్పాను. బీదర్ జహీరాబాద్‌కు అంత దగ్గరని ఆయన ఎప్పుడూ అనుకోలేదట.

ఇలాంటి మనిషికి మీ మైకు ఎంతో చేయగలదు. విమానం పేరు, దేశం పేరు, వేగం చదివేస్తే సరిపోదు. ఇప్పుడు ఎటు చూడాలి, పైలట్ ఒంటి మీద ఎంత బరువు పడుతోంది, ఆ పొగ ఎందుకు వదులుతున్నారు, రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి దాటేటప్పుడు ఎవరు ఎవరిని చూసి తప్పుకుంటారు, ఇవి చెప్పండి. ముందు కన్నడంలో చెప్పండి, అది ఆ నేల భాష. తర్వాత కుదిరితే తెలుగులో, తమిళంలో కొన్ని ముక్కలు. వాయుసేనలో ఆ భాషలు మాట్లాడే అధికారులు లేకపోరు. మన భాషలో ఒక పైలట్ తాను చేసే పని గురించి చెబుతుంటే విని ఇంటికి వెళ్లిన పిల్లలు ఏమవుతారో ఎవరు చెప్పగలరు?

మోత గురించి మరో మాట. ఆఫ్టర్‌బర్నర్ వేసి లేచే విమానం దగ్గర పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, పెద్దవాళ్లకు గుండె అదురుతుంది. మెడికల్ షాపుల్లో దొరికే నురుగు ఇయర్‌ప్లగ్‌లు మా సంచిలో ముందే పడ్డాయి. లేత్ షాపులో వాడే చెవి మూతలు కూడా తెస్తానన్నారు మా ఆయన, అవే మేలు. తెలియక వచ్చేవాళ్ల కోసం గేటు దగ్గర ఇయర్‌ప్లగ్‌లు ఉచితంగా పంచండి, మీ ఖర్చులో అదెంత?

ఏ రోజు, ఏ వేళ, ఏ విమానం అన్నది వీలైనంత ముందు చెప్పండి. మారితే మారిందని చెప్పండి. 2025 జనవరిలో పోర్‌బందర్‌లో తీరరక్షక దళం ధ్రువ్ హెలికాప్టర్ కూలాక ధ్రువ్‌లన్నీ నేల మీదే ఉండిపోయాయి, ఆ ఏడాది ధ్రువ్‌లతో విన్యాసాలు చేసే సారంగ్ బృందం యలహంకలో ప్రదర్శన ఇవ్వలేదు. అది సరైన నిర్ణయం. అలాంటి కారణం చెబితే ఎవరూ నొచ్చుకోరు. చెప్పకపోతే ఆ హెలికాప్టర్లు చూపిస్తానని మనిషిని తీసుకొచ్చిన నాలాంటిదే ఇంటికెళ్లేదాకా సంజాయిషీ చెప్పుకోవాలి.

వెనక్కి పోవడం వచ్చినంత సులభం కాదు. పొద్దున ఒక్కొక్కరుగా వచ్చిన జనం సాయంత్రం ఒక్కసారిగా లేస్తారు. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో, జక్కూరులో కార్లు పెట్టించి అక్కడి నుంచి ఉచితంగా బీఎంటీసీ బస్సులు నడిపారు, అది ఎంతో మంచి పని, దాన్ని వదలకండి. దూరపు పార్కింగు స్థలాల్లో ఎండుగడ్డి కోయించడం కూడా మరవకండి. 2019 ఫిబ్రవరి 23న పార్కింగు మైదానంలో మంటలు లేచి సుమారు 300 కార్లు కాలిపోయిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. కార్లలో రానివాళ్ల కోసం ఇంకొకటి చేయండి. యలహంక జంక్షన్ నుంచి మీ గేటు దాకా అదే బస్సులు నడపండి. మా హిందూపురం, ధర్మవరం, పెనుకొండ వాళ్లం రైల్లో వచ్చి రైల్లోనే వెళ్లిపోతాం, మీ కేంద్రం పక్క నుంచి పోయే బళ్లారి రోడ్డు మీద ఒక్క కారు కూడా పెరగదు. సాయంత్రం పూట ఉత్తరానికి పోయే రైలు ఒకటి సామాన్య సందర్శకులను రానిచ్చే ఆ రెండు రోజులు యలహంకలో కాసేపు ఎక్కువ ఆగేలా రైల్వే వాళ్లతో మీరు మాట్లాడితే మాట వింటారు, మేం అడిగితే వినరు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కర్నూలు, హైదరాబాద్ నుంచి వచ్చే జంటలకు అది తెరిచిన పూటే సీట్లు దొరుకుతాయి, మర్నాటికి ఉండవు. కాబట్టి తేదీలు, సామాన్యులకు ఏ రోజులు, టికెట్ ధరలు, లోపలికి ఏం తేవచ్చు ఏం తేకూడదు, ఇవన్నీ 2026 నవంబర్ చివరికల్లా పత్రికల్లో వచ్చేలా చూడండి. మా ఆయన షాపులో ఆర్డర్లు ఇప్పటికే సర్దుకుంటున్నారు, ఆ వారంలో ఏ రోజు షట్టర్ దించాలో చెప్పమని నన్ను అడుగుతున్నారు.

ఇట్లు,
హిందూపురం నుంచి ఒక బడిపంతులమ్మ